కొండ దిగేటప్పటి లెక్క

అలిపిరి దగ్గర టాక్సీలు ఆగే చోట, సాయంత్రం పూట మామా అల్లుళ్లు తమ కార్లు తుడుచుకుంటున్నారు. మామది అంబాసిడర్, అల్లుడిది ఫియట్.

“మీ బండి లీటరుకు తొమ్మిది కిలోమీటర్లే కదా మామా ఇచ్చేది. నాది పద్నాలుగు ఇస్తా ఉండాది.”

“ఎట్ల లెక్క కట్టినావప్పా?”

“ట్యాంకు నిండుగా పోయించి, కొండెక్కి దిగినాక మళ్లీ నింపి సూసినాను.”

“నేనూ అట్లే సూస్తా. దిగేటప్పుడు ఏ గేర్లో వస్తావు?”

“గేరెందుకు మామా? పైన ఇంజన్ ఆపేస్తే బండి దానంతటదే ఈడి దాకా జారుకుంటా వస్తాది. బ్రేకు ఉండాది కదా.”

“నేను రెండో గేర్లో దిగతా, ఇంజనే బండిని పట్టుకోని ఉంటాది. ఇంజన్ ఆపేసినాక బ్రేకు కాగిపోయి పట్టకపోతే, ఆ మలుపుల్లో బండిని ఆపేదానికి ఇంకేమీ ఉండదు.”

అల్లుడు నవ్వి అద్దం తుడవసాగాడు.

“రేపు పైన మీ పిల్లోడికి పుట్టెంటికలు తీపిచ్చినాక, వాడూ మా అమ్మాయీ నీ బండిలోనే కదా దిగేది?”

“అవును మామా.”

“ఇంజన్ ఆపతావా?”

అల్లుడు తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

“రేపు ఆపను మామా.”

“అప్పుడు ఎంతిస్తాది?”

“పదికి మించదు.”

“నా దానికంటే ఎక్కువే లేప్పా. బండి మంచిదే.”