రోడ్డుకి అడ్డంగా బామ్మర్ది

హలో… ఆ, నేనే బావా. బతికే ఉన్నా.

ఇందాక ‘గుద్దేశా’ అనగానే పెట్టేశావేంటి?… సిగ్నలా. సరే.

దెబ్బలేం లేవు. మోకాలు గీరుకుంది… కారుకా? నీ కారుకి ముందుభాగమని ఒకటుండేది, గుర్తుందా?… ఆ, దాన్ని మర్చిపో.

పెట్రోలు పోయించుకు రమ్మన్నావుగా, అక్కడికే వెళ్తున్నా. పాల వ్యాను ఆగి ఉంది. వెనకనుంచి వెళ్లి గుద్దా… పాలు? రోడ్డంతా పాలే. ఊళ్లో పిల్లులన్నీ వచ్చేశాయి. పక్క ఊరి పిల్లులకి కబురు కూడా వెళ్లినట్టుంది.

వ్యానాయనకేం కాలేదు. కిందకి దిగి టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టకుండానే తిట్టాడు.

నేనా? కార్లోనే. రోడ్డుకి అడ్డంగా. వెనక ఎన్ని బండ్లు ఆగాయో… చిట్టచివరి బండివాడికి సంగతి తెలిసేసరికి వచ్చే వారమవుతుంది.

దిగాలా… ఎందుకు?

చట్టమా?… మళ్లీ చెప్పు… ‘పబ్లిక్ రోడ్డు మీద దెబ్బతిన్న వాహనాన్ని ఆలస్యం లేకుండా తొలగించవలెను’…

బావా, నీ పెళ్లిరోజు నీకు అక్క గుర్తుచేయాలి. ఇదెప్పుడు బట్టీపట్టావ్?

లేదులే, ఊరికే అడిగా.

కానిస్టేబులొచ్చాడు. టైర్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాడు, ఫొటోలు తీశాడు. ఇక పక్కకి జరపొచ్చన్నాడు… పక్కకి, బావా. రోడ్డు పక్కకి. షెడ్డుకి కాదు. మోటారు ఇన్‌స్పెక్టరు వచ్చి బ్రేకులు చూసేదాకా ఎవరూ ఎత్తుకెళ్లకూడదట… అదీ చట్టమేనట. నువ్వు బట్టీపట్టినదాంట్లో ఆ పేజీ చిరిగిందేమో.

క్రేనా?… ఉంది. దాని గురించే అడుగుదామనుకుంటున్నా. గుద్దిన చప్పుడు ఎదురు గోడకి తగిలి వెనక్కి రాకముందే క్రేనొచ్చేసింది. నేనెవరికీ చేయలేదు. నీకొక్కడికే చేశా.

దారిన పోతూ ఆగాడంటావా… ఉండొచ్చు. కానీ దిగీ దిగగానే కిటికీలోంచి తొంగిచూసి, ‘బామ్మర్ది మీరేనా’ అన్నాడు. నా మొహాన రాసుందా బావా?

అందుకే దిగట్లేదు. మనిషి లోపలుంటే కొక్కెం వేయరట. సీటుబెల్టు కూడా పెట్టుకున్నా.

ఉండు, వెనక బండ్లవాళ్లొచ్చారు… ఏంటన్నా? ఆ, అడ్డమే, ఒప్పుకుంటా. ఒక పని చేయండి, నలుగురు నెట్టండి, నేను స్టీరింగు తిప్పుతా… దిగను. నేను యాభై కేజీలే అన్నా, నెట్టండి… ఆ… ఇంకొంచెం… చాలు చాలు, కాలవుంది.

హలో… ఆ, పక్కకొచ్చేశాం. రోడ్డు ఖాళీ. ఇక నీ చట్టానికి ఏ లోటూ లేదు.

క్రేనువాడు పోలేదు బావా. ఫోన్లో ఎవరికో చేస్తున్నాడు… ఆగాగు, నీకేదో ఇంకో కాల్ వస్తున్నట్టుంది, టుంగు టుంగుమంటోంది… ఆఫీసా. ఆదివారం కూడానా. పాపం.

సరే, అసలు సంగతి చెప్పనా? బ్రేకు పడలేదు. రెండుసార్లు తొక్కా. కానిస్టేబులుకి చెప్తే నవ్వాడు. గుద్దినవాళ్లంతా అదే అంటారట.

నిద్రపట్టిందని చెప్పాలా… నేనా…

బావా, స్కూలు వ్యాను డ్రైవరు పొద్దున పదకొండింటికి స్టీరింగు మీద నిద్రపోయాడంటే ఏ తల్లి నా బండి ఎక్కిస్తుంది పిల్లాణ్ణి? లైసెన్సు పోతే ఇంకేం తోలను నేను, ఈగల్నా?

లేదు, నువ్వు చూసుకోవడమేంటి… ఎలా చూసుకుంటావ్…

తాళాలిచ్చేటప్పుడు ‘బ్రేకు కాస్త ముందునుంచే తొక్కు’ అన్నావ్. జాగ్రత్త చెప్తున్నావనుకున్నా. కాస్త ముందంటే ఎంత బావా? నిన్ననుంచా?

అక్క నెలరోజులుగా పోరుతోంది కదా, బ్రేకులు చూపించమని… చేయించేశానని చెప్పావా… ఊఁ.

నిన్న పాపకి టీకా వేయించడానికి అక్క ఈ కార్లోనే వెళ్లింది.

పాపని పక్క సీట్లో పడుకోబెట్టుకుని వెళ్లింది బావా.

అక్కకైనా చెప్పావా, ముందునుంచి తొక్కమని?

బావా?

…

ఏడవకు. ముందు విను… విను బావా. ఇన్‌స్పెక్టరొచ్చారు.

నమస్కారం సార్. నేనే తోలింది… ఇప్పుడా? తొక్కుతున్నా సార్… చూశారుగా, పెడల్ నేలకి తగిలింది. మళ్లీ తొక్కనా?… కానిస్టేబులుగారూ, మీరూ చూడండి. ఇందాక నవ్వారు.

హలో… ఆ, చూశారు. రాసుకుంటున్నారు.

ఏంటీ… ఇన్‌స్పెక్టరుకి ఏం చెప్పినా పర్లేదా… అక్కకి మాత్రం…

అదా నీ భయం. నేనింకా కేసనుకున్నా.

లేదు బావా. నీ తరఫున వెయ్యి అబద్ధాలైనా చెప్పేవాణ్ణి, నీకూ తెలుసు. నిన్న ఆ కార్లో పాప లేకపోతే.

పాల వ్యానాయన ఫోనిస్తానంటున్నాడు. దాంట్లోంచి అక్కకి చేస్తా. ఈలోగా నువ్వు ఖాళీగా ఉండకు…

సార్, ఇదిగోండి, కారు ఓనరు లైన్లో ఉన్నారు. మా బావ. మాట్లాడండి.