బిగించిన మర

మబ్బు కమ్ముకొస్తోంది. గడ్డిని తాడుతో కట్టే యంత్రం వదిలిన కట్టలు పడినవి పడినట్టే విచ్చుకుపోతుంటే, రైతు తలపట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. భార్య తెగిన పురికొస ముక్కలు ఏరుకుంటూ వచ్చింది.

“తాడు బిగించే మర ఎంత తిప్పావయ్యా?”

“తిరిగినంతా తిప్పాను. నిరుడు కట్టలు వదులని మీ అన్నయ్య నవ్వలేదూ?”

“రెండు చుట్లు చాలని మెకానిక్ చెప్పాడుగా?”

“వాడికేం తెలుసు!”

“తాడుకి తెలుసు. తెగి మరీ చెప్పింది.”

“దెప్పింది చాల్లే. ఇదంతా తడిస్తే ఏడాది పొడుగునా పశువులకేం పెడతాం?”

“లే, ముందు ఆ మర వదులు చెయ్యి. పడ్డవి నేను చేత్తో కడతాను.”

ఆమె మోకాలు ఆనించి మొదటి కట్టకు ముడేసింది. అతను పట్టి చూశాడు.

“ఇంకాస్త బిగించరాదూ?” అన్నాడు, తొలి చినుకు నెత్తిన పడుతుండగా.