గేటు దాటని గండం

చిరాగ్‌పల్లి కాడ, హైవే పక్కన మణెమ్మ చాయ్ హోటల్ల కూసున్నం. బయట కంపెనీ ట్రాలీ నిలవడ్డది, నిండ ఇత్తనం అల్లం మూటలు. మా పక్కన కూసున్న రైతు సంగయ్య ఊఁ అంటె అవి కోహీర్‌ల ఆయనకున్న మీది చెల్కకు పోతయి. అది పోయినేడు అల్లం పండిన చెల్క. అల్లం తీసిన భూమిల మళ్ళ అల్లం పెడితె దుంప కుళ్ళుతదని, మా దిక్కు పెద్దలు మూడేండ్లన్న ఆగుతరు. కంపెనీ మాటిని ఆగకుంట పెట్టినందుకు సంగయ్య కింది చెల్క పోయినేడు మొత్తం కుళ్ళిపోయింది. ఇగ మిగిలింది మీదిదే. ఆయన ఊఁ అంటలేడు, ఊహూఁ అంటలేడు.

ఆయనను ఒప్పిద్దామని వచ్చిండు రామ్‌కిషన్, ఆ అల్లం పేస్ట్ కంపెనీల రిస్క్ ఆఫీసర్. ఆయన నవ్వంగ మేం చూడలే. సావింట్ల మాట్లాడినట్టు మెల్లగ మాట్లాడ్తడు.

"నేను గొప్పలు చెప్పుకునేటోణ్ణి గాదు సంగన్నా. బండి ఎటు పోవాల్నో మా సేఠ్ చెప్తడు, దాన్ని స్ట్రాటజీ అంటరు. దారిల చక్రం సీల ఊడుతదా, ఎద్దు కుంటుతదా అని ముందుగాల చూసేటోణ్ణి నేను. నేను లేకుంటె సేఠ్ ఏ ఊరికీ చేరడు. మొదట్ల చిన్న ముచ్చటనే. ఖాళీ సీసలన్ని ఒక్క గోదాంల పెట్టిన్రు. సేఠ్, సగం ఇంకో దాంట్ల పెట్టున్రి, కోతులొస్తయి అని నేనన్న. అందరు నవ్విన్రు. ఆ వారమే వచ్చినయి కోతులు."

"కోతులు మా హోటల్‌కు రోజు వస్తయి అన్నా," అన్నది మణెమ్మ, చాయ్ వడపోసుకుంట.

"వస్తయి చెల్లె, గని నీకు ముందుగాల చెప్పి వస్తయా? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? సేఠ్ బొంబాయి దిక్కు సరుకు పంపుదాం అన్నడు. పంపుదాం గని హుమ్నాబాద్ దాటినంక డ్రైవర్ యాడ ఆగొద్దన్న. ఎందుకన్నడు. గాలి వాసన మంచిగ లేదన్న. లారీ ఎనుక చక్రం కల్వర్టు దాటుడు, కల్వర్టు కొట్టుకపోవుడు, రెండు ఒక్కపారే అయినయి. డ్రైవర్ వాపసొచ్చి నా కాళ్ళు మొక్కిండు. వద్దు బిడ్డా, ఇది నా డ్యూటీ అన్న."

"కల్వర్టు పోతె వాపసెట్ల వచ్చిండు?" అన్నది మణెమ్మ.

"జర ఆగు, అసలు ముచ్చట ఇంక రాలే. అటెనుక దుబాయికి ఓడ. సరుకంత మనదే. నేను కంపెనీ మిద్దె మీద నిలవడి పడమర దిక్కు చూసిన, సముద్రంల తుఫాను కనవడ్డది. ఓడ కెప్టెన్‌కు ఫోన్ కొట్టి, ఎడమకు తిప్పు అన్న. తిప్పిండు. అటెంక ఆయన నన్ను అడగకుంట ఓడకు తాడు ఇప్పడు. నిన్న గూడ ఫోన్ చేసిండు, అన్నం తినుకుంట మాట్లాడిన."

సంగయ్య చాయ్ మీద మీగడ కట్టింది, ఆయన చూస్తలేడు. ట్రాలీని చూస్తున్నడు.

"గివన్ని ఒక ఎత్తు, మొగులు ముచ్చట ఒక ఎత్తు. మొలక రాకముందే పెద్దవాన పడితె అల్లం ఆగమైతది గదా. బీదర్ దిక్కుకెళ్ళి మబ్బు నల్లగ వస్తున్నది. బోర్డు మీటింగ్‌ల అందరు తలకాయలు పట్టుకున్నరు. నేను ఒక్కణ్ణే బైకేసుకొని బార్డర్ కాడికి పోయిన. మొగులు కర్ణాటకదాయె, తెలుగుల చెప్తె ఇంటదా? కన్నడంల చెప్పిన, జర నిల్లప్పా అని. నిలవడ్డది. మొలకలొచ్చెదాక బార్డర్ మీదనే ఉన్నది. పాపం, దానికి గూడ బరువేనాయె. నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి సంగన్నా."

రామ్‌కిషన్ కండ్లు తుడుసుకున్నడు. నిజంగనే తడిసినయి.

"ఎందుకు చెప్తున్ననంటె, నేను వచ్చిన కాడికెళ్ళి మా కంపెనీ గేటు ఏ గండం దాటలే. గేటు దాక వస్తది, నన్ను చూసి వాపస్ పోతది. గందుకే ఈ ఏడు సేఠ్ స్ట్రాటజీ, అల్లం డబుల్. నీ మీది చెల్కల ధైర్నంగ పెట్టు. నేను లేనా?"

సంగయ్య ట్రాలీ మీదికెళ్ళి చూపు ఇటు తిప్పిండు.

"వాపస్ పోయిన గండం యాడికి పోతది తమ్మీ?"

"యాడికో పోతది. మనకెందుకు?"

"పోయినేడు కుళ్ళిన అల్లం తోలుకొస్తె, మీ గేట్ల బండి రానియ్యలే. వాపస్ తోలుకపోయి మా చెల్కలనే పారబోసిన. నువ్వు చెప్పింది నిజమే, మీ గేటు దాటలే. మా ఇంట్ల సొచ్చింది."

"అది... నీ భూమి తాసీరు, దాని గుణమే అంత అన్నా. అందరికట్ల గాదు."

సంగయ్య గొంతు పెంచలే. "నిన్న జహీరాబాద్ అంగట్ల మీ ఇంటామె బస్వమ్మ కనవడ్డది. కంది ఇత్తనం కొంటున్నది. రాయికోడ్‌ల మీ చెల్కకేనట. పోయినేడు ఆడ అల్లం మంచిగ పండింది గద, మళ్ళ అల్లమే పెట్టక కంది ఎందుకమ్మా అని అడిగిన. అల్లం మీద అల్లం పెడితె భూమి ఖరాబైతది, మా ఆయన వద్దే వద్దన్నడు అన్నది."

రామ్‌కిషన్ గిలాస నోటి కాడికి తీస్కపోయి, తాగకుంటనే కింద పెట్టిండు.

"ఈ ఒక్క చెల్క గూడ పోతె నాకింక భూమి లేనట్టే," అన్నడు సంగయ్య. "గందుకే చెప్తున్న. ఆ మూటలు ముందుగాల రాయికోడ్‌కు తోలు. బస్వమ్మ పెట్టినంక నేను గూడ పెడ్త."

మణెమ్మ సంగయ్య చల్లారిన చాయ్ తీసి పారబోసి, ఇంకో గిలాస వేడిది పోసిచ్చింది.

కొంచెంసేపటికి ట్రాలీ కదిలింది. మేమందరం లేచి చూసినం. రాయికోడ్ దిక్కు మర్లలే, కంపెనీ దిక్కే పోయింది.