పదిహేడో నంబరు అతుకు

వంతెన గర్డరు అతుకు మీద చెయ్యి వేసిన వెల్డరు చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకున్నాడు.

"బావా, ఇక్కడ బోల్టులు కదా వెయ్యాల్సింది? నిన్న బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి."

"వెల్డింగు చేసేసి నన్నడుగుతావేంట్రా?" సూపర్‌వైజరు నవ్వాడు.

"నేను చేస్తే పక్కన నా వెల్డరు నంబరు ముద్ర కొడతానుగా. ఇది పదిహేడు. అన్నయ్య నంబరు."

బావ నవ్వు ఆగిపోయింది. "వాడు పైనుంచి పడి చనిపోయి ఏడాదైంది."

"సగం బోల్టులే బిగించి, తొందరపెట్టి అన్నయ్యని పైకెక్కించావు."

"ఇప్పుడా మాటెందుకు? కోసేసి బోల్టులు వేద్దాం, కట్టరు తే."

"వేశాక పైకెక్కేది ఎవరు?"

"నువ్వే."

"అన్ని బోల్టులూ వేసేనా?"

బావ తల తిప్పుకున్నాడు. "సాయంత్రంలోగా అయిపోవాలిరా."

వెల్డరు వేడి అతుకు వైపు చూశాడు.

"నేను కొయ్యను బావా. కావాలంటే అన్నయ్యనడిగి నువ్వే కోసుకో."