ఏ నీటికి ఆ బోర్డు

హలో… ఆ, నేనే. పెళ్ళాం గొంతు కూడా గుర్తుపట్టవా?… మోతగా ఉందా? ఉంటుంది మరి, షెడ్డులో ఉన్నాను, చెక్క రుద్దుతున్నాను. ఆగు, మిషన్ ఆపుతాను… ఆ. ఇప్పుడు చెప్పు.

… బాగానే ఉన్నాను.

… బాగానే ఉన్నానన్నానుగా! నేను బాగున్నానో లేదో తెలుసుకోవాలంటే ఫోన్ ఎందుకు, బస్సుంది.

… సరే, సరే. మొదలెట్టలేదు. చెప్పు.

… బోర్డా? ఏ బోర్డు?

… "ఏదో ఒకటి" ఏమిటయ్యా! పదిమందికీ బోర్డెక్కి, ఇంతేసి గాలిపటం లాంటి కైట్ పట్టుకుని నీళ్ళ మీద జారటం నేర్పే మాస్టారివి. ఏదో ఒకటి పంపమనటానికి నోరెలా వచ్చింది? ఏ ఎండకా గొడుగు పట్టే మనిషివి, ఏ నీటికా బోర్డని నేను చెప్పాలా?

— ఎవరూ?… ఆ, ఇదే షెడ్డు. లోపలికి రా అన్నా. ఎవరు పంపారూ?… ఓహో. —

విన్నావా? నీ సామాను బండి డ్రైవరట, గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారిల్లు అంటే ఎవరికీ తెలీలేదట, చెక్కలక్క షెడ్డు అంటే చిన్నపిల్లాడు కూడా చూపించాడట. చూసుకో, ఎవరి పేరు మోగుతోందో… అది సరే. అంటే బండిని ముందు పంపించి, ఫోన్ తర్వాత చేశావన్నమాట.

… కోపం కాదులే. అడిగాను.

— అన్నా, ఆ బల్ల మీద కూర్చో. జిగురు డబ్బా పక్కకి జరుపు. చొక్కాకి అంటిందంటే మీ ఇంటావిడ నన్ను తిడుతుంది. —

ఊఁ. ముందు నువ్వు నేర్పటానికెళ్ళిన ఆ ఊరి నీళ్ళెలా ఉన్నాయో చెప్పు.

… అందంగా ఉన్నాయా? నేనేమన్నా బొమ్మ గీస్తానన్నానా? గాలి ఎటునుంచి? ఒడ్డు మీదికా, పక్కనుంచా?… పక్కనుంచి. ఒకటే తూగులో వస్తుందా, విసుర్లా?… విసుర్లు. అలకీ అలకీ మధ్య ఎడమెంత?… నీ పొడవైనా లేదా! అయితే అవి అలలు కావు మాస్టారూ, గతుకులు. గతుకుల రోడ్డు మీద సైకిల్ తొక్కటమే.

… ఇక్కడ గోడ మీదున్న రెండిట్లో వెడల్పుది అడక్కు.

… నువ్వు అడిగావని కాదు, నేనే చెప్తున్నాను. మన ఉప్పు మడుగు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటాయి కాబట్టి అది బతికింది. దాని అడుగు చదును. మూతి లేవదు. తోక ఇంతంత. కింద చేప రెక్కల్లా నాలుగు ఫిన్లు. చదును నీళ్ళ మీద వెన్నలో కత్తి అది. నువ్వు మడమ మీద వాలితే చాలు, అంచు దిగి, గీత గీసినట్టు మలుపు కోసేది. అదే బోర్డుని ఆ గతుకుల్లో దించు… ఒక్కో గతుకూ దాని అడుగున ఒక్కో చెంపదెబ్బ. ఆ దెబ్బలు బోర్డు దాచుకోదయ్యా. పట్టుకెళ్ళి నీ మోకాలికిస్తుంది.

… ఆ కుడిదే. నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. దానికి కాపడం పెట్టింది నేను.

… సన్నది తీసుకో. మూతి పైకి లేచుంటుంది. తోక మొనదేలి ఉంటుంది. అడుగున నడిమధ్యన వెన్ను తేలింది చూడు, పడవకున్నట్టు? గతుకుని కొట్టదు, చీలుస్తుంది. వేగం కాస్త తగ్గుతుంది. తగ్గనీ. ఎవరితో పందెం నీకు?

… నాలుగు ఫిన్లే కావాలా? ఎందుకు?… గాలికి ఎదురు పోవటానికా. నిజమే, నాలుగుంటే పట్టునిస్తాయి. పట్టే ఇస్తాయి. వదలవు. గతుకు మీంచి ఎగిరి కాస్త పక్కకి దిగావనుకో, నాలుగూ ఒక్కసారిగా నీళ్ళని కరుస్తాయి. బోర్డు ఆగుతుంది, నువ్వాగవు, మధ్యలో మోకాలు… మూడు పెడతాను. ముందు రెండూ మామూలువి, వెనక మధ్యలో చిన్నది. అప్పుడు తోక కాస్త వదులుగా తిరుగుతుంది. మొదట్లో తాగినవాడి నడకలా ఉంటుంది, చెప్తున్నాను. రెండ్రోజులు నన్ను తిట్టుకుంటావు.

… అలవాటేగా నీకు.

… సరే, సరే! ఇంకోటి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అక్కడివాళ్ళ ముందు నా బోర్డు మంచిది కాదన్నావంటే మాత్రం ఊరుకోను.

… వదిన వచ్చింది పొద్దున. మీ అక్కేనయ్యా, ఇంకెంతమంది వదినలున్నారు నాకు? వచ్చి, "నీ నోరే నిన్ను ముంచిందే" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదట. "ఊరు మంచిదే వదినా, మొగుడే ఊళ్ళో లేడు" అన్నాను.

… నవ్వావు కదూ? నవ్వావు. వినపడింది. ఎన్నాళ్ళయిందయ్యా నీ నవ్వు విని.

… ఊఁ.

… సరే, అయితే సన్నది బండెక్కిస్తాను. వెడల్పుదానికి సంచి తొడిగి గోడ మీదే ఉంచుతాను. ఎడం పక్క అంచు కొంచెం పెచ్చు లేచింది, నువ్వొచ్చేలోపు దానికి పూత వేస్తే… గాలి మళ్ళీ ఇటు తిరిగి ఇక్కడ పాఠాలు మొదలయ్యేసరికి వస్తావు కదా, అప్పటికి ఎండిపోయి…

… ఏమిటి?

… ఇచ్చెయ్యాలా? ఎవరికి?

… ఎవరికైనా.

…

మళ్ళీ చెప్పు.

… వద్దు. చెప్పకు. విన్నాను.

— అన్నా, నువ్వు కాసేపు బయట నిలబడు… నాకేం కాలేదు. నిలబడవయ్యా, చెప్తుంటే! —

… ఉన్నాను. ఎక్కడికి పోతాను? పోయేది నువ్వు.

… నువ్వు సూటిగా చెప్పలేవు, నాకు తెలుసు. గడప దాటటానికే గంట నీళ్ళు నములుతావు. నేనే చెప్తాను, తప్పైతే తప్పు అను. ఆ వెడల్పు బోర్డు ఈ మడుగులో తప్ప లోకంలో ఇంకే నీళ్ళకీ పనికిరాదు. చేసిందాన్ని నేను. ఎక్కింది నువ్వు. ఆ సంగతి మనిద్దరికీ తెలుసు. ఈ మడుగు కొలతకి, నీ ఒంటి బరువుకి, నీ వాలుకి చేశాను. అది కుదిరేదాకా ఎన్ని విరగ్గొట్టుకున్నాం… కుదిరిన రోజు నువ్వు ఎంత వాలావంటే నీ చెయ్యి నీళ్ళకి తగిలింది. గుమ్మంలో గరుకు కాగితం పట్టుకుని నిలబడి చూశాను. అరిచాను కూడా. ఆ అరుపు నీకు ఇష్టమైంది అప్పుడు.

… అలాంటి బోర్డుని ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నావంటే, ఈ నీళ్ళలో నువ్వింక దిగవు. ఈ ఇంటికింక రావు. తప్పు అను.

…

అనవయ్యా.

…

ఊఁ.

… గాలి తిరిగాక వస్తానన్నావు. చొక్కాలు మడుస్తూ అన్నావు, నా మొహం చూడకుండా. అప్పటికే తెలుసా నీకు?… తెలీదు. మరి ఎప్పుడు తెలిసింది?

… నిద్రపట్టిందా.

… అక్కడ నిద్రపట్టిందట. తెల్లారేదాకా. ఇక్కడ ఏ మాట ఎటునుంచొచ్చి పడుతుందోనని భుజాలు బిగించుకుని పడుకునేవాడివా? నా పక్కనా? ఇన్నేళ్ళూ?… ఆ మాట ఒక్కసారైనా అనలేదేం?

… నేను మధ్యలో అందుకునేదాన్నా. సరే. ఇప్పుడు అందుకోను. చెప్పు.

…

చూశావా, ఇప్పుడూ చెప్పవు.

… ఎవరైనా ఉన్నారా?… లేరు. నమ్ముతున్నాను, నీకు అంత ఓపిక ఎక్కడిది. ఉంటేనే బాగుండేది. ఉంటే దాన్ని తిట్టిపోసేదాన్ని, కడుపు చల్లబడేది. ఇప్పుడెవర్ని తిట్టను? నీ నిద్రనా?

… పో అన్నాను, కాదనను. పో అన్నప్పుడల్లా పోయావా నువ్వు? షెడ్డు వెనక్కి పోయి, తాళ్ళ చిక్కు తీసుకుంటూ కూర్చుని, ఆకలేసి తిరిగొచ్చేవాడివి. ఈసారీ అంతే అనుకున్నాను. రెండు కంచాలు పెట్టుకుని కూర్చున్నాను.

… వద్దు. జాలి పడకు. నాకది పడదు.

… నేనిప్పుడు ఏం చెయ్యగలనో తెలుసా? నీ డ్రైవరుకి బోర్డుల సంగతేం తెలుసు? వెడల్పుదానికే సంచి తొడిగి, నాలుగు ఫిన్లతో సహా ఎక్కించేస్తాను. నువ్వు విప్పుకుంటావు, వెనక్కి పంపటానికి బద్ధకిస్తావు, సరేలే అని అదే ఎక్కుతావు. వారం తిరక్కుండా మోకాలు పట్టుకుని మంచాన పడతావు. అక్కడెవరు చూస్తారు నిన్ను? చచ్చినట్టు ఇటే రావాలి.

…

లేదు. చెయ్యను. చేస్తానని నువ్వూ అనుకోలేదు, అవునా?… అవును. నా నోటికి ఎంత చెడ్డపేరున్నా ఉండనీ. చేతికి లేదు.

… మారతానని మాత్రం చెప్పను. నువ్వడగలేదనుకో, నేనే చెప్తున్నాను. రేపట్నుంచి నాలిక్కి తేనె రాసుకుని మాట్లాడతాననుకో, ఎన్నాళ్ళు? నాకే ఆ మనిషి నచ్చదు… నీకూ నచ్చదా? మరి ఏం కావాలయ్యా నీకు?

… సద్దు లేకుండా ఉండటం.

… చెక్కకి వంపు పెట్టమను, పెడతాను. ఉన్నదాన్ని లేనట్టు ఉండమంటే ఎలా ఉండను?

… ఒక్కసారి వచ్చి ఎదురుగా చెప్పిపోకూడదూ?… అరవను… అరుస్తానని కాదా? మరి దేనికి భయం?

…

నేను ఏడిస్తే ఉండిపోతావా.

…

అయితే రాకు. ఏడుపు చూసి ఉండిపోయే మొగుడు నాకొద్దు. రోజూ నీ మొహంలో ఆ జాలి చూస్తూ అన్నం తినలేను నేను… అవును, ఏడుస్తున్నాను, అయితే ఏమిటి? ఏడుస్తూ పని చెయ్యటం రాదనుకున్నావా? ఉండు. ఫిన్లు మార్చాలి. ఫోన్ బల్ల మీద పెడుతున్నాను, గట్టిగా మాట్లాడు.

… ఆ, వినపడుతోంది.

… దీనికి అయిదు గాట్లు పెట్టానులే, మూడైనా నాలుగైనా బిగించుకోవచ్చు. వెనకవి రెండూ తీసేస్తున్నాను… స్క్రూ తుప్పు పట్టింది. ఉప్పునీళ్ళలోంచి తీశాక మంచినీళ్ళతో కడగమని గోడకి చెప్పినా వినేది. రా… రావే… ఆ, వచ్చింది.

… మధ్యలో చిన్నది పెట్టాను. వేలెడు ముందుకి జరిపి బిగిస్తున్నాను. ముందుకుంటే తోక తేలిగ్గా తిరుగుతుంది, కాలితో తోసెయ్యక్కర్లేదు… నీకోసం కాదు. మోకాలి కోసం. దాని మీద నాకేం కోపం లేదు.

… పట్టీలు ముట్టుకోలేదు, నీ పాదాల కొలతలోనే ఉన్నాయి.

… విను. వెళ్ళగానే వాలి మలుపు కోద్దామని చూడకు. రెండు గతుకుల మధ్య కాస్త చోటు చూసుకుని, అప్పుడు అంచు దించు. గతుకు నెత్తిన దించావో, విసిరి కొడుతుంది. మోకాళ్ళు వంచి ఉంచు, కొయ్యలా నిలబడకు… తెలుసులే, నువ్వు పిల్లలకి రోజూ చెప్పేదే. నీకు చెప్పేవాళ్ళు అక్కడ లేరుగా, అందుకు.

… వెడల్పుదా? ఇవ్వను.

… ఎవరికీ ఇవ్వనన్నాను! ఏం చేస్తానా? నాకే తెలీదు. రంపం పెట్టి కోసేస్తానేమో. ఈత నేర్చుకుని నేనే ఎక్కుతానేమో… నవ్వు, నవ్వుకో. ఇన్ని బోర్డులు చేసే మనిషికి మోకాలి లోతు నీళ్ళంటే భయమని ఊరంతా చెప్పుకు తిరిగావుగా.

… అక్కర్లేదు. నువ్వు నేర్పక్కర్లేదు. నేర్పేవాడివైతే ఇన్నేళ్ళలో నేర్పేవాడివి.

— అన్నా! రా, అయిపోయింది. బండి వెనక తలుపు తియ్యి… వద్దొద్దు, నువ్వు పట్టుకోకు, నేనే మోస్తాను. నేను చేసిందే, నాకు బరువు కాదు. లోపల ఆ దుప్పటి పరుచు. ఇనప సామాను పక్కకి తొయ్యి. ఫిన్లు పైకుండాలి, దేనికీ తగలకూడదు. దార్లో ఎక్కడైనా ఆగితే ఎండలో పెట్టకు, పూత పొంగుతుంది. —

… ఆ, వినపడుతోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

… జాగ్రత్తగా ఉండమంటావా. నాకు చెప్తున్నావా అది.

… సరే. ఉంటాను.

… తిన్నానులే.

… లేదు. తినలేదు. తింటాను.

…

ఇంకేముంది. చెప్పాల్సిందంతా బోర్డు గురించి చెప్పేశాను.

… పెట్టెయ్ అయితే.

… నేనా? నేనెలా పెడతాను? రెండు చేతులూ బోర్డు మీదున్నాయి. ఒకటి తీసినా కింద పడుతుంది.

… నువ్వే పెట్టెయ్యాలి.

…

పెట్టెయ్యవయ్యా. డ్రైవరు చూస్తున్నాడు.

…

ఉన్నావా?

…