సీడీ పూర్తయ్యేదాకా

మాదాపూర్, 1999. సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఓ చిన్న కంపెనీ. కంప్యూటర్ ముందు రోహిణి, పక్క కుర్చీలో మేనేజరు వెంకటరమణ. భోజనాల వేళ, మిగతావాళ్ళంతా కిందికి వెళ్ళారు.

"మళ్ళా అదే చెప్తాంది చూడమ్మా రోహిణీ. సీడీ డ్రైవే లేదంట."

"డ్రైవ్ ఉంది సార్. నాకు చూపిస్తలేదు, గంతే. మీ పేరుతోని లాగిన్ అయితే చూపిస్తది. మీరు అడ్మినిస్ట్రేటర్ కదా. నాలెక్క మామూలు లాగిన్ అయితే ఈ విండోస్ ఎన్‌టీ దగ్గరికి కూడ రానియ్యదు."

"విండోస్ తొంభై ఎనిమిదిలో బాగనే పనిజేస్తాంది గదా?"

"దాంట్ల అడిగేటోడే లేడు సార్. ఎవలు కూసుంటె వాళ్లే మాలిక్. ఎన్‌టీ గట్ల కాదు, ప్రతిదానికి నువ్వెవరని అడుగుతది. సార్... దవాఖాన నుంచి ఫోనేమన్న వచ్చిందా?"

"వస్తే చెప్పనా? ముందు ఇది చూడు. మూడింటికి క్లయింట్లు వస్తారు. వాళ్ళ ఆఫీసులో అన్నీ ఎన్‌టీ మిషన్లే, అందరివీ మామూలు లాగిన్లే. వాళ్ళ ముందర సీడీ రాయకపోతే మనం తలుపులు మూసుకొని పోవాల్సిందే. డబ్బా మీద ఎన్‌టీలో పనిజేస్తుందని అచ్చేసుకుంటిమి."

"అచ్చు వేయొద్దని నేను అప్పుడే చెప్పిన సార్."

"చెప్పినావులే. ఇప్పుడేం జేస్తాండావు?"

"ఒక సర్వీస్ రాస్తున్న. మిషన్ ఆన్ కాంగనే అది వెనక లేసి కూసుంటది. దానికి డ్రైవ్ ముట్టుకునే హక్కు ఉంటది. మామూలోళ్లు దాన్ని అడిగితే, వాళ్ల బదులు అది రాసిపెడ్తది."

"బ్యాంకులో తెలిసినోడు ఉన్నట్ల."

"గట్లనే అనుకోండ్రి. సార్, మీ రూంల ఫోన్ నుంచి ఒక్కసారి దవాఖానకు చేసుకుంట. తమ్ముని దగ్గర మా అమ్మ ఒక్కతే ఉన్నది ఆడ."

"ఫోను డెడ్డయింది. పొద్దున్నించీ లైను లేదు."

"మరి... వస్తే చెప్తనంటిరి గదా ఇప్పుడే?"

"అదే... ఆస్పత్రోళ్ళకి పక్కాఫీసోళ్ళ నంబరు ఇప్పించినా లే. వస్తే వాళ్ళే పిలుస్తారు."

"అయితె ఎస్టీడీ బూతుకన్న ఉరికొస్త. గీ కిందనే."

"కూర్చో రోహిణీ. లేస్తే మనసు చెదిరిపోతాది. ఒక్క తప్పు పడిందంటే మళ్ళా మొదటికి. నీ పర్మనెంటు సంగతి ఈ నెలలోనే మాట్లాడాల నేను. బెదిరిస్తాండానని అనుకోవద్దు."

"అంటలేను సార్."

"పొద్దున నీకోసం కారు గూడా పంపిస్తి గదా. ఊరికే పంపించినానా?"

"పంపిన్రు. మా అమ్మ కారు దిక్కే చూసింది. ఇయ్యాల గూడ పోవాల్నా బిడ్డా అన్నది. డాక్టరు ఫికర్ లేదన్నడు, మీ మనిషేమో కదలకపాయె. ఎక్కిన."

"డాక్టరే ఫికర్ లేదన్న్యాక నీకేంటికి?"

"అవసరం పడితే పిలుస్తమన్నడు. గందుకే అడుగుతున్న... సార్, మోగుతుంది."

"ఏంది?"

"ఫోన్."

"పక్కాఫీసుది."

"మీ రూంలకెళ్లే వినొస్తుంది సార్."

"చెప్తాండా గదా పక్కదని! గోడలు పల్చన. నువ్వు చూసుకో, నేను పోయి తలుపేసి వస్తా, సద్దు లేకుండా."

"సార్... సార్, పక్కోళ్లదైతే జర అడగుండ్రి, మాకేమోనని!"

"అడుగుతాలే. నువ్వు తల తిప్పొద్దు."

"తలుపేయనీకి ఇంతసేపా సార్? ఏమన్నరు?"

"ఎవరు? ఆ... రాంగ్ నంబరంట. టీ చెప్పి వస్తి. అయిందా?"

"అయింది. గిప్పుడు నా లాగిన్ తోనే చూడుండ్రి... ఇగో, డ్రైవ్ కనిపిస్తుంది!"

"కనిపిస్తాంది! సెబాస్. రాయి మరి."

"రాస్తుంది. మౌస్ ముట్టుకోకుండ్రి సార్. ఇప్పుడేం కదిలిచ్చినా సీడీ ఖరాబైతది."

"ఎంతసేపు?"

"అర్ధగంట. ఇగ నాతోని పనేం లేదు. నేను పోత సార్."

"మధ్యలో నిలిచిపోతే?"

"కొత్త సీడీ పెట్టి మళ్ల ఒత్తుండ్రి. గదే బటన్."

"నాకేం తెలుసమ్మా? ఆ కొత్త పిల్లోడు చైతన్య చేతికిస్తే ఉన్నది గూడా చెడగొడతాడు. ఇది పూర్తయ్యేదాకా ఉండు."

"మామూలోళ్లందరికి డ్రైవ్ మీద హక్కు ఇప్పిచ్చిన సార్. నాకు గంటసేపు పర్మిషన్ ఇయ్యరాదుండ్రి."

"ఇరవై మంది కడుపులు దీని మీద ఉండాయి రోహిణీ. నాకు మాత్రం సంబరమా? టీ తాగు."

"వద్దు."

"మీ తమ్ముడు... ఏం పేరన్నావు?"

"సాయిచంద్."

"ఏం జేస్తాండె?"

"చేస్తుండె ఏంది సార్? డిగ్రీ చేస్తున్నడు. ఆఖరి సంవత్సరం."

"అదే, అదే. అదే అడిగినా."

"నిన్నటిదాంక నన్ను బస్సెక్కనియ్యలే. దోస్తు స్కూటర్ మీద వచ్చి తోలుకపోతుండె. నిన్న గూడ నన్ను తీస్కపోనీకే వచ్చిండు. మీరు జరసేపు ఉండుమన్నరు గదా. నేను రాకపోతె, చాయ్ తాగి వస్తనని రోడ్డు దాటిండట. లారీ..."

"నాకేం తెలుసు అట్లయితాదని."

"మిమ్మల్ని అంటలేను సార్. నేనే లేట్ చేసిన. రాత్రి కండ్లు తెరిచి, నీ పనైందా అక్కా అని అడిగిండు. కాలేదు రా అన్న. నవ్విండు."

"ఏడవద్దమ్మా. క్లయింట్లొచ్చే టైము, మొగం బాగుండదు."

"ఏడుస్తలేను."

"ఇంకెంత ఉంది?"

"అయిపోవొచ్చింది. ఇగో... అయింది. బయటికొచ్చింది సార్."

"మళ్ళా పెట్టి చూడు. ఫైళ్ళన్నీ ఉండాయా?"

"అన్నీ ఉన్నయి."

"ఇంకోటి తెరువు. ఆ పెద్దది."

"తెరుచుకుంది. మంచిగుంది."

"సోర్సు కోడు సర్వర్‌లో పెట్టినావా? పాస్‌వర్డ్ రాసిచ్చినావా?"

"పెట్టిన. ఇగో, రాసిచ్చిన. ఇగ పోత సార్."

"కూర్చో."

"ఏంది సార్ ఇంకా?"

"ఒక్క నిమిషం కూర్చో. నీళ్ళు తాగు."

"నీళ్లెందుకు? సార్... ఫోన్ వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వప్పుడే ఆ సర్వీసు మొదలుపెట్టినావు."

"ఫోన్ డెడ్ అంటిరి..."

"అంటి."

"ఏమన్నరు? చెప్పుండ్రి సార్, ఏమన్నరు?"

"లోపల ఎక్కడో రక్తం పోతాందంట. ఎక్కించాలన్నారు. వాని గ్రూపు బయట దొరకలేదంట, అక్కది సరిపోతాదంట. వెంటనే పంపమన్నారు."

"నాదే... నాదీ వానిదీ ఒక్కటే సార్. మీరేమన్నరు?"

"నువ్వు బయల్దేరినావని చెప్పినా."

"ఎవరికి?"

"మీ అమ్మ ఉండె ఫోన్‌లో."

"పొద్దటిసంది... మా అమ్మ గేటు దిక్కు చూస్తుంటది! లేవుండ్రి సార్, అడ్డం లేవుండ్రి, నేను పోవాలె. ఆటో... కారున్నదా కింద? ఇప్పుడు పోయినా ఇస్త, ఎంతైనా ఇస్త..."

"కారుంది. మెల్లగా పోమ్మా, దారిలో పడతావు. ఇందాక రెండోసారి చేసినప్పుడు, ఇంక రక్తం అక్కర్లేదన్నారు."