రైలు గేటు దాటితే ఆగిపోయే స్కూటరు

నవ్వీసినాను బావా, ఏటి సెయ్యమంటావు మరి! నీ సంతాప సభలో, మీ భిలాయి ఉక్కు ప్లాంటు గరేజీవోళ్లందరి ముందూ! కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

మీ ఫోర్‌మన్ భుజంగరావుగారు మైకట్టుకుని, "ముప్ఫయ్యేళ్ల సర్వీసు! మా అప్పలకొండ సెయ్యి పడ్డ బండి దార్లో ఆగిన పాపాన పోలేదు" అన్నారు. నవ్వు రాదేటి?

అందరూ నాకు మతి పోయిందనుకున్నారు. పక్క క్వార్టర్ మణిమాల దీదీ అయితే వీపు నిమిరి, "రో లో కన్నమ్మా, రో లో" అంటది. ఏడిసెయ్యమంట!

డంపర్లు బాగుసేసినావు, అంబులెన్సులు బాగుసేసినావు. సెక్టర్లో ఎవడి బండి మొరాయించినా మన గుమ్మంలోనే. మరి మన స్కూటరో? ప్రతీ ఆదివారం సుపేలా బజారుకి ఎల్లీటప్పుడు గుర్రంలా ఎల్లేది. ఒచ్చీటప్పుడు రైలు గేటు దాటిందా... టప్, టప్, టప్. అంతే!

"దిగవే, కార్బురేటర్లో కచరా అడ్డుపడింది" అనీవోడివి. కూరల సంచి సీటు మీదెట్టి, నువ్వు హేండిలు, నాను ఎనకాల సెయ్యి. తోసుకుంటూ ఇంటికి.

మీ అమ్మ గుమ్మంలో నిలబడి, "మెకానిక్కంట, మెకానిక్కు!" అని మొటికలిరిసేది. మన కొడుకు మనోజ్‌గాడూ అంతే కదా. "పాపాకి అప్నా స్కూటర్ బాగుసెయ్యడమే రాదు" అని ఫ్రెండ్స్‌తో నవ్వీవోడు. నువ్వూ నవ్వీవోడివి. మాట పడ్డావే గానీ ఒక్కరికీ సెప్పలేదు.

ఏటని సెప్తావులే. రెండు గదుల్లో ఏడుగురం. మీ అమ్మ, మీ తమ్ముడు, పిల్లలు. నీతో ఒక మాట మాటాడాలంటే తలుపెక్కడుంది, గోడెక్కడుంది? మనిద్దరికీ ఉన్నదల్లా ఆ రోడ్డే.

రెండో పిల్ల పురిట్లోనే పోయినప్పుడు జ్ఞాపకముందా? ఇంట్లో ఏడిస్తే దీపాలయేళ ఏడుపేటని మీ అమ్మ కసిరేది. ఆ ఆదివారం రోడ్డంతా ఏడిసినాను. నువ్వు తొయ్యడం నెమ్మది సేసినావు. అంత నెమ్మదిగా స్కూటరు తోసినోడిని భిలాయి మొత్తంలో సూళ్లేదు బావా.

నాకు తెలీదనుకున్నావేటి? రైలు గేటు కాడ నీ సెయ్యి మెల్లగా సీటు కిందకెల్లి పెట్రోలు ట్యాపు కట్టీడం, నీ ఎనకాల కూకున్నదానికి కనబడదా? పిచ్చోడా! సూసీ సూడనట్టే ఉన్నాను. అడిగితే మానేస్తావని బయం.

ఇప్పుడు సూడు. నీ కొడుకు బైకు కొనుక్కుంటాడంట, దీన్ని అమ్మెయ్యాలంట. కొంటానని చరోదా నుంచి రైల్వే ఆయనొకడొచ్చినాడు. ఒక్క కిక్కు! బుర్రుమన్నాది. మనోజ్‌గాడి మొకం సూడాలి! "మమ్మీ, ఏ తో ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ హై! మరి పాపా ఎందుకు ప్రతీ ఆదివారం తోసీవోరు?" అంటాడు.

ఆయనొక రౌండు కొట్టొస్తానన్నాడు. నాను గ్లాసుతో మంచినీళ్లు అట్టుకెల్లినాను. ఆయన తాగుతున్నాడు. నా సెయ్యీ సీటు కిందకెల్లింది.

అదిగో, ఎల్లినాడు. ఇను... మూల తిరిగినాడు... టప్, టప్, టప్.

ఇన్నావా!

పాపం, ఒక్కడే తోసుకొస్తన్నాడు. ఎనకాల సెయ్యెయ్యడానికి మనిసి లేదు.

మనోజ్ అప్పుడే సూసీసినాడులే. మెకానిక్ కొడుకు కదా. "మమ్మీ! ట్యాప్ బంద్ ఉంది! ఎవరు కట్టీసినారు?" అని వీధిలోంచి అరుస్తన్నాడు.

ఎవరంటే? నీ పేరే సెప్తాను. మీ నాన్నే కట్టీసినాడ్రా అంటాను. మళ్లీ మతి పోయిందనుకుంటే అనుకోనీ.